జెట్ మార్చే ముందు ఆ చప్పుడు ఎటు నుంచి వస్తోందో చూడండి

మీరు చెప్పినవన్నీ ముందు ఒకచోట పెట్టుకుందాం. ఒకే సిలిండరున్న పాత ఫోర్ స్ట్రోక్ బండి. యాక్సిలరేటర్ కేబులే గాలి దారికి అడ్డుండే స్లైడ్‌ని నేరుగా పైకి లాగే మామూలు కార్బురేటర్. ఇరవై ఏళ్లు బాగా తిరిగి, తర్వాత రెండేళ్లు కదలకుండా పడి ఉంటే ఈ మధ్యే బయటికి తీశారు. ఇంజను వేడెక్కాక కూడా చోక్ సగం లాగి ఉంచితేనే ఆగకుండా నడుస్తోంది. యాక్సిలరేటర్ గభాల్న తిప్పితే కార్బురేటర్ నోట్లోంచి తుస్సుమని వెనక్కి తంతోంది. మంచి స్పీడులో యాక్సిలరేటర్ వదిలేస్తే సైలెన్సర్‌లో టపటపా పేలుతోంది. ప్లగ్గు తీస్తే తెల్లగా ఉంది. కార్బురేటర్ రెండుసార్లు కడిగించారు, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేసి ఓపెన్ ఫిల్టర్ వేశారు, పెట్రోలు కొలిచి వదిలే ఇత్తడి రంధ్రం, అంటే మెయిన్ జెట్, రెండు సైజులు పెంచారు. జబ్బు తగ్గలేదు సరికదా, ఫుల్ యాక్సిలరేటర్‌లో బండి మొద్దుబారింది. ఇప్పుడింక ఏ నంబరు జెట్ వెయ్యాలి అని అడుగుతున్నారు.

ఏ నంబరూ వద్దండి. బండితో పాటు వచ్చిన మెయిన్ జెట్టే మళ్లీ వేసెయ్యండి, తీసిన ఫిల్టర్ డబ్బా కూడా తిరిగి బిగించండి. అన్నేళ్లు అదే జెట్‌తో చక్కగా నడిచిన ఇంజనుకి ఇవాళ ఉన్నట్టుండి జెట్ చిన్నదైపోదు. ఇత్తడిలో వేసిన రంధ్రం దానంతటది కుంచించుకుపోదు కదా. అయితే గియితే అది మూసుకుపోయి ఉండాలి, లేదంటే ఎక్కడో రబ్బరు పగిలి లెక్కలో లేని గాలి లోపలికి పోతుండాలి. ఈ రెండింటిలో ఏదో తేల్చుకోకుండా జెట్‌లు మారుస్తూ పోతే, అసలు లోపం అలాగే ఉండి దాని మీద మీరు చేసిన మార్పులు ఇంకో పొరలా పేరుకుంటాయి. చివరికి ఏది జబ్బో, ఏది మందో తెలియకుండా పోతుంది.

ఇక చప్పుడు సంగతి. మీ బండిలో పేలుళ్లు రెండు చోట్ల ఉన్నాయి. రెండిటికీ కారణం ఒకటే కావచ్చు, కాకపోవచ్చు కూడా. కార్బురేటర్ వైపు తన్నేదాన్ని ముందు చూద్దాం. పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువులో దానికి సుమారు 14.7 రెట్లు గాలి కావాలి. గాలి అంతకన్నా బాగా ఎక్కువైతే మిశ్రమం నిదానంగా మండుతుంది. ఎంత నిదానమంటే, ఎగ్జాస్ట్ స్ట్రోకు ముగిసి ఇన్‌టేక్ వాల్వు తెరుచుకునే వేళకి కూడా సిలిండర్లో మంట పూర్తిగా ఆరదు. ఆ మిగిలిన మంట అప్పుడే వస్తున్న కొత్త మిశ్రమానికి అంటుకుంటే ఆ దెబ్బ ఇన్‌టేక్ పైపులోంచి వెనక్కి తంతుంది. మీరు వింటున్న తుస్సు అదే. ఇన్‌టేక్ వాల్వు సరిగా మూసుకోకపోయినా, స్పార్క్ టైమింగ్ తప్పినా ఇలాగే తన్నొచ్చు. కానీ చోక్ లాగితే పెట్రోలు వాటా పెరిగి మీ బండి సర్దుకుంటోంది కాబట్టి మొదటి అనుమానం మిశ్రమం మీదికే పోవాలి.

సైలెన్సర్‌లో టపటపలది వేరే కథ. స్పీడులో యాక్సిలరేటర్ మూసేస్తే సిలిండర్లోకి వచ్చే సరుకు బాగా తగ్గిపోతుంది, అందులో పాత పొగ కూడా కలిసి ఉంటుంది. అలాంటిది ప్రతిసారీ అంటుకోదు. అంటుకోని పెట్రోలు ఆవిరి అలాగే వేడి పైపులోకి వెళ్తుంది. అక్కడ దానికి కాస్త తాజా గాలి తగిలిందా, టప్పుమంటుంది. పాత బళ్లలో యాక్సిలరేటర్ వదిలినప్పుడు అప్పుడొకటి అప్పుడొకటి చిన్నగా టప్పుమంటే దాని గురించి నిద్ర పాడు చేసుకోనక్కర్లేదు. వరసగా పేలుతుంటే మాత్రం యాక్సిలరేటర్ మూసి ఉన్నప్పుడు పెట్రోలు ఇచ్చే సన్నని దారిలో, అంటే పైలట్ సర్క్యూట్‌లో, పెట్రోలు తగ్గిందనో, ఎగ్జాస్ట్ జాయింట్లో గాలి దూరుతోందనో అనుకోవాలి. ఈ రెండూ కాక తుపాకీ పేల్చినట్టు ఒక్కటే ‘ఢాం’ అని వస్తే అది స్పార్క్ తప్పుతున్న గుర్తు. కొన్ని స్ట్రోకుల పెట్రోలు మండకుండా పైపులో చేరి, తర్వాత వచ్చిన మంటకి ఒకేసారి అంటుకుంటుంది. ఆ చప్పుడికి కార్బురేటర్ విప్పడం శుద్ధ దండగ. మీరు రాసినదాంట్లో అలాంటిది లేదు కాబట్టి స్పార్క్ గురించి చివర్లో చెప్తాను.

మెయిన్ జెట్ పెంచినా ఎందుకు ఉపయోగం లేకపోయిందో చూడండి. ఈ రకం కార్బురేటర్లో పెట్రోలు ఏ దారిన వస్తుందనేది యాక్సిలరేటర్ ఎంత తెరిచారన్న దాన్ని బట్టి ఉంటుంది. మూసి ఉన్నప్పటి నుంచి దాదాపు ఎనిమిదో వంతు వరకు పెత్తనమంతా పైలట్ జెట్‌ది, దాని మిశ్రమం స్క్రూది. దీన్నే చాలామంది స్లో జెట్ అంటారు. అక్కడి నుంచి పావు వంతు దాకా స్లైడ్ అడుగున ఏటవాలుగా కోసిన కటవే మాట చెల్లుతుంది. పావు నుంచి ముప్పావు దాకా స్లైడ్‌కి వేలాడే సూది, అంటే నీడిల్, అది దిగే నీడిల్ జెట్. మెయిన్ జెట్ చేతికి పని వచ్చేది ఆ పైన. ఈ హద్దులు గీత గీసినట్టు ఉండవు, ఒకదానిలోకి ఒకటి కలుస్తాయి. కానీ ఐడిలింగ్‌లో నిలవని బండికి, యాక్సిలరేటర్ మూస్తే పేలే బండికి మెయిన్ జెట్ మార్చి లాభం లేదు. మీరు పెంచిన జెట్ పైన ఎక్కడో అవసరానికి మించి పెట్రోలు పోస్తోంది, అందుకే ఫుల్‌లో మొద్దుబారింది. ఇంకో మాట, జెట్ మీది నంబర్లు అన్ని కంపెనీలకీ ఒకే లెక్క కాదు. కీహిన్ వాళ్లది రంధ్రం వ్యాసం ప్రకారం ఉంటుంది, మికునిలో షట్కోణం తలున్న మెయిన్ జెట్‌లకి ప్రవాహం ప్రకారం. ఒకదాని నంబరు చూసి ఇంకోదానిలో వేస్తే ఎటో పోతారు.

యాక్సిలరేటర్ గ్రిప్ మీద ఒక గీత, పక్కనున్న స్విచ్ డబ్బా మీద టేపు ముక్క అతికించి మూసినప్పటిది, పావు, సగం, ముప్పావు, ఫుల్ అని గుర్తులు పెట్టుకోండి. మిస్సింగ్ ఏ గుర్తు దగ్గర వస్తోందో నడుపుతూ చూసుకుంటే సగం పని కార్బురేటర్ విప్పకుండానే తేలిపోతుంది. చోక్ ఇంకో మంచి పరికరం. ఇబ్బంది వస్తున్న చోట యాక్సిలరేటర్ అలాగే పట్టుకుని చోక్ కొంచెం లాగండి. బండి హుషారైతే అక్కడ పెట్రోలు తక్కువ పడుతోంది, ఇంకా ముక్కితే ఎక్కువవుతోంది.

అయితే చోక్‌తో బాగుపడిందంటే పెట్రోలు తగ్గిందనే కాదు, గాలి ఎక్కువైనా అంతే. కాబట్టి కార్బురేటర్ మీద చెయ్యి వేసే ముందు దానికీ ఇంజను హెడ్డుకీ మధ్య ఉన్న నల్ల రబ్బరు పైపు చూడండి. మీ బండి వయసుకి నా మొదటి అనుమానం దాని మీదే. పైకి నున్నగా కనిపిస్తుంది. బోల్టులు విప్పి చేతిలోకి తీసుకుని రెండు బొటనవేళ్లతో బయటికి వంచి చూడండి, అప్పుడు నోరు తెరుస్తుంది. పగుళ్లు ఎక్కువగా బోల్టులు పట్టే లోపలి ఇనుప ఫ్లాంజికి రబ్బరు అతికిన అంచు దగ్గర, అదీ అడుగు వైపున వస్తాయి. బండి మీద ఉండగా అవి ఎవరి కంటా పడవు. ఫ్లాంజి గాడిలో ‘ఓ రింగు’ అనే గుండ్రటి రబ్బరు సీలు ఉంటే గోటితో నొక్కండి. గుండ్రంగా ఉండాల్సింది బల్లపరుపుగా అణిగి గట్టిపడి ఉంటే దాని పని అయిపోయినట్టే. క్లాంపు చివరిదాకా బిగిసి, ఇంక స్క్రూ తిరగకపోయినా కార్బురేటర్ చేతికి కదులుతోందంటే రబ్బరు ఎండి కుంచించుకుపోయింది. పగుళ్లకి సీలెంట్ పూస్తే కొన్నాళ్లు ఆగుతుందేమో గానీ, పెట్రోలుకి అది మెత్తబడి ఒక ముక్క ఊడి ఇంజనులోకి వెళ్లే ప్రమాదం ఉంది. రబ్బరు మార్చెయ్యడమే మంచిది.

విప్పకుండా చూడాలంటే ఇంజను ఐడిలింగ్‌లో ఉంచి, స్ప్రే బాటిల్‌తో ఆ రబ్బరు చుట్టూ, ఫ్లాంజి జాయింటు మీదా కొంచెం కొంచెంగా నీళ్లు కొట్టండి. ఎక్కడ కొట్టినప్పుడు ఇంజను చప్పుడు మారుతుందో అక్కడే లీకు. చాలామంది ఇదే పనికి కార్బురేటర్ క్లీనర్ వాడమంటారు. పక్కనే ఎర్రగా కాలే బెండు పైపు (ఇంజను నుంచి సైలెన్సర్‌కి పొగ తీసుకెళ్లేది), పైన ప్లగ్గు తీగ ఉన్నచోట భగ్గుమని అంటుకునే స్ప్రే ఎందుకండీ. నీళ్లతో తెలిసేదానికి మంటతో పనిలేదు. రబ్బరుకి చిన్న వాక్యూమ్ గొట్టం ఉండి దాని టోపీ ఊడిపోయి ఉంటే అది కూడా లీకే, మర్చిపోకండి.

అక్కడే ఉన్నారు కాబట్టి బెండు పైపు హెడ్డులో కూర్చునే జాయింటు కూడా చూసెయ్యండి. లోపల రాగి ప్యాకింగ్ ఉంటుంది. అది అణిగిపోతే జాయింటు చుట్టూ నల్లటి మసి చారలు కనపడతాయి. ఇంజను చల్లగా ఉండగా స్టార్ట్ చేసి, మందంగా మడిచిన తడి గుడ్డని సైలెన్సర్ చివర ఒక్క క్షణం అదిమితే లీకున్న చోట బుసబుసమని వినిపిస్తుంది. పొగ ఒత్తిడి బయటికే కదా, గాలి లోపలికి ఎలా పోతుందని అనుమానం రావచ్చు. పైపులో ఒత్తిడి ఒకేలా ఉండదు, అలల్లా వచ్చిపోతుంది. ఆ మధ్యలో వెలితి ఏర్పడినప్పుడు సన్నని సందులోంచి గాలి లోపలికి పీలుస్తుంది. పొగ కాలుష్యం తగ్గించడానికి కంపెనీవాళ్లే గొట్టం ద్వారా ఎగ్జాస్ట్‌లోకి గాలి పంపే ఏర్పాటు కొన్ని బళ్లలో ఉంటుంది. యాక్సిలరేటర్ మూసినప్పుడు ఆ గాలిని ఆపాల్సిన వాల్వు చెడితే అచ్చం ఇవే టపటపలు. మీ బండిలో అలాంటి గొట్టం ఉంటే దాన్ని తాత్కాలికంగా మూసి ఒకసారి నడిపి చూడండి.

రబ్బరూ ప్యాకింగూ బాగానే ఉంటే అప్పుడు కార్బురేటర్. రెండుసార్లు కడిగించానన్నారు. కడగడం అంటే చాలాచోట్ల కింది గిన్నె విప్పి, రెండు జెట్‌లూ ఊది, పైన పెట్రోలు పోసి బ్రష్షు కొట్టడమే. పైకి మెరుస్తుంది. రెండేళ్లు నిలవున్న పెట్రోలు చేసే చెడు లోపలి సన్నని దారుల్లో ఉంటుంది. పెట్రోలు ఆవిరైపోగా మిగిలిన జిగురు వార్నిష్‌లా గట్టిపడుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలైతే గాలిలో తేమని కూడా లాక్కుని అల్యూమినియం మీద తెల్లటి పొడి పుట్టిస్తుంది. మెయిన్ జెట్ రంధ్రం దాదాపు ఒక మిల్లీమీటరు ఉంటుంది, అంత తేలిగ్గా మూసుకోదు. పైలట్ జెట్‌ది అందులో సగం కూడా ఉండదు. మీ రోగమంతా పైలట్ ఉన్న దగ్గరే కాబట్టి లెక్క సరిగ్గా కుదురుతోంది.

విప్పేటప్పుడు ఒక్క జాగ్రత్త. జపాన్ డిజైను కార్బురేటర్ల స్క్రూ తలలు ప్లస్ గుర్తులా కనిపించినా మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవరు వాటిలో పూర్తిగా కూర్చోదు, తిప్పితే పైకి లేచి గాడి అరిగిపోతుంది. జపాన్ ప్రమాణాల ప్రకారం చేసిన జేఐఎస్ రకం స్క్రూడ్రైవరు దొరికితే అది వాడండి. గిన్నెలోని పెట్రోలు పారబోయకుండా గాజు గ్లాసులోకి వంచి కాసేపు కదపకుండా ఉంచండి. నీళ్లుంటే అడుగున బుడగల్లా విడిగా నిలుస్తాయి, ట్యాంకు తుప్పు ఉంటే గోధుమరంగు పొడి పేరుకుంటుంది. ఏది కనపడినా ట్యాంకు శుభ్రం చెయ్యకుండా కార్బురేటర్ ఎన్నిసార్లు కడిగినా మళ్లీ మొదటికే వస్తుంది.

పైలట్ జెట్ విప్పి కంటి దగ్గర పెట్టుకుని వెలుతురు వైపు చూడండి. అంచులు శుభ్రంగా, సరిగ్గా గుండ్రంగా ఒక వెలుగు చుక్క కనిపించాలి. మసకగా, ఒకవైపు నెలవంకలా కోసుకుపోయినట్టుంటే ఇంకా జిగురుంది. ఊదితే గాలి పోతోంది కదా అని వదిలెయ్యకండి, సగం మూసుకున్న జెట్‌లోంచి కూడా గాలి పోతుంది. క్లీనర్‌లో రాత్రంతా నానబెట్టండి, తర్వాత కరెంటు వైరులోని ఒక్క రాగి పోగు గానీ నైలాన్ దారం గానీ దూర్చండి. పిన్నీసు, ఉక్కు తీగ వద్దే వద్దు. మెత్తటి ఇత్తడి గీసుకుపోతే రంధ్రం సైజే మారిపోతుంది, ఆ తర్వాత ఎంత ట్యూనింగ్ చేసినా కుదరదు. జెట్ పక్కలకి సన్నని రంధ్రాలుంటే అవి కూడా అంతే ముఖ్యం, గాలి పెట్రోలులో కలిసేది వాటిలోంచే.

ఎక్కువమంది వదిలేసేది ఆ తర్వాతి మెట్టు. జెట్ కూర్చునే గొయ్యి నుంచి కార్బురేటర్ ఒంట్లోకి ఒక దారి వెళ్తుంది. అది గొంతులో స్లైడ్ అంచు కింద సూది మొనంత రంధ్రాలుగా తెరుచుకుంటుంది. యాక్సిలరేటర్ కాస్త తెరవగానే బండి తన్నకుండా పుంజుకోవడానికి ఆ చిన్న బైపాస్ రంధ్రాలే ఆధారం. జెట్ తీసేసి, స్క్రూ కూడా తీసేసి, ఆ గొయ్యిలో క్లీనర్ గొట్టం ఆనించి కొట్టండి. కళ్లద్దాలు పెట్టుకునే చెయ్యండి, ఎటు నుంచి చిమ్ముతుందో చెప్పలేం. గొంతులోని ప్రతి రంధ్రంలోంచి, స్క్రూ ఉండే చోటు నుంచి, ఫిల్టర్ వైపు నోటి అంచునున్న పైలట్ గాలి రంధ్రంలోంచి ధార రావాలి. ఒక్కదాంట్లో రాకపోయినా కడగడం అవ్వనట్టే. మళ్లీ నానబెట్టి, కంప్రెసర్ గాలి కొట్టి, అవసరమైతే అల్ట్రాసోనిక్ బాత్‌లో వేయించండి. క్లీనర్ పోసే ముందు ఓ రింగులు, రబ్బరు సీళ్లు, ప్లాస్టిక్ ఫ్లోట్ అన్నీ విడిగా తీసి పక్కన పెట్టాలి, లేకపోతే అవి ఉబ్బి పనికిరాకుండా పోతాయి.

మిశ్రమం స్క్రూ తీసినప్పుడు దానితో స్ప్రింగు, చిన్న వాషరు, ఓ రింగు రావాలి. ఓ రింగు రాలేదంటే లోపలే అతుక్కుని ఉంది, సన్నని కొక్కెంతో జాగ్రత్తగా లాగండి. మళ్లీ వేసేటప్పుడు స్క్రూకి ముందు స్ప్రింగు, తర్వాత వాషరు, మొన వైపు ఓ రింగు. ఈ వరస తప్పితే అక్కడే గాలి లాగుతుంది. స్క్రూ మొన కూడా చూడండి, ఎవరో గట్టిగా బిగించి ఉంటే మొన చుట్టూ ఉంగరం పడినట్టు గాడి కనిపిస్తుంది. అలాంటి స్క్రూతో సెట్టింగ్ నిలవదు.

చోక్ కూడా ఒక చూపు చూడండి. గిన్నెలో పెట్రోలు మీద తేలుతూ మట్టం నిలిపే ఫ్లోట్ ఎత్తుని మాత్రం మాన్యువల్ ప్రకారం కొలవాలి. గిన్నె తీసేసి కార్బురేటర్‌ని వాలుగా పట్టుకోండి. ఫ్లోట్ నాలుక, పెట్రోలు రాకని మూసే ఫ్లోట్ నీడిల్ వెనకున్న స్ప్రింగు పిన్నుని ఊరికే తాకాలి, నొక్కకూడదు. తలకిందులుగా పట్టుకుని కొలిస్తే ఫ్లోట్ బరువుకి పిన్ను లోపలికి పోయి కొలత తప్పొస్తుంది. పెట్రోలు మట్టం తక్కువైతే అన్ని సర్క్యూట్‌లూ కొంచెం కొంచెం ఎండుతాయి. ఆ ఫ్లోట్ నీడిల్ మొన మీద ఉంగరంలా గుంట పడి ఉంటే మార్చెయ్యండి. బిగించాక గిన్నె డ్రెయిన్ స్క్రూ విప్పి పెట్రోలు ధార ఒక నిమిషం పాటు సన్నబడకుండా వస్తోందా చూడండి. మొదట బాగా వచ్చి తర్వాత చుక్కలుగా మారితే ట్యాంకు మూత తెరవండి. తెరవగానే ధార పుంజుకుంటే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. ధార మొదటి నుంచీ సన్నగానే ఉంటే పెట్రోల్ ట్యాప్ లోపలి జల్లెడ చూడాలి.

స్లైడ్ తిరిగి పెట్టేటప్పుడు కోసిన ఏటవాలు భాగం ఫిల్టర్ వైపు ఉండాలి. స్లైడ్‌లోని నీడిల్ క్లిప్పు ఏ గాడిలో ఉండేదో తీసేముందే ఫోటో తీసుకోండి. క్లిప్పు కిందికి దించితే నీడిల్ పైకి లేచి మధ్య యాక్సిలరేటర్లో పెట్రోలు పెరుగుతుంది, పైకి జరిపితే తగ్గుతుంది. ఇప్పుడు మాత్రం దాన్ని ముట్టుకోకండి.

సెట్టింగ్ ఎప్పుడూ ఇంజను బాగా వేడెక్కాకే. ముందు మిశ్రమం స్క్రూ ఎటు ఉందో చూడండి. ఫిల్టర్ వైపు ఉంటే అది గాలి స్క్రూ, లోపలికి తిప్పితే పెట్రోలు వాటా పెరుగుతుంది. ఇంజను వైపు ఉంటే అది పెట్రోలు స్క్రూ, బయటికి తిప్పితే పెరుగుతుంది. ఈ తేడా చూసుకోకుండా తిప్పి ‘ఎంత రిచ్ చేసినా (పెట్రోలు పెంచినా) పేలుడు ఆగట్లేదు’ అనేవాళ్లు తరచుగా కనిపిస్తారు, వాళ్లు చేస్తున్నది దానికి సరిగ్గా వ్యతిరేకం. స్క్రూని మెల్లగా ఆనేదాకా బిగించి, ఒకటిన్నర చుట్లు బయటికి తీసి మొదలుపెట్టండి. ఐడిలింగ్ కాస్త ఎక్కువలో పెట్టి, పావు చుట్టు చొప్పున తిప్పుతూ ఇంజను అత్యధికంగా, నిలకడగా తిరిగే చోటు పట్టుకోండి. ప్రతి మార్పు తర్వాత కొన్ని సెకన్లు ఆగాలి, ఇంజను వెంటనే చెప్పదు. తర్వాత ఐడిలింగ్ స్క్రూతో వేగం తగ్గించి, ఇంకోసారి అదే పని చెయ్యండి. ఆ మంచి చోటు ఒకటి నుంచి రెండున్నర చుట్ల మధ్య పడితే పైలట్ జెట్ సరైనదే, శుభ్రంగానే ఉంది. గాలి స్క్రూ దాదాపు పూర్తిగా మూస్తేనో, పెట్రోలు స్క్రూ మూడు చుట్లు దాటి తీస్తేనో తప్ప నిలవకపోతే పైలట్ దారిలో ఇంకా అడ్డముంది, లేదా గాలి లీకు దొరకలేదు. అప్పుడు కూడా జెట్ పెంచాలనే ఆలోచన రానివ్వకండి.

ఇంకో చిన్న భాగం మీ కార్బురేటర్లో ఉండొచ్చు. పక్కన రెండు స్క్రూలతో బిగించిన చిన్న మూత, లోపల రూపాయి బిళ్లంత రబ్బరు డయాఫ్రమ్. యాక్సిలరేటర్ మూసి వేగం తగ్గుతున్నప్పుడు పైలట్‌కి వెళ్లే గాలిని కొంత ఆపి మిశ్రమం చిక్కబరచడం దాని పని. అది చిరిగితే మిగతా అన్నీ బాగుండి, యాక్సిలరేటర్ వదిలినప్పుడు మాత్రం పేలుతుంది. వెలుతురుకి అడ్డంగా పట్టి చూస్తే చిరుగు కనిపిస్తుంది. మూత విప్పేటప్పుడు స్ప్రింగు ఎగిరిపోతుంది, వేలు అడ్డుపెట్టండి.

ఇదంతా చేసినా కార్బురేటర్ వైపు తన్నడం ఆగకపోతే ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గరుండే సందు, చూడాలి. నిజానికి పాత బండికి ఇది ముందే చెయ్యాల్సిన పని, ఖర్చు లేనిది కూడా. వాల్వు సీటు అరిగేకొద్దీ వాల్వు పైకి జరిగి సందు తగ్గిపోతుంది. ట్యాపెట్ వదులైతే టకటకమని చప్పుడు చేసి మీకు తెలియజేస్తుంది. బిగుసుకున్నది ఏ చప్పుడూ చెయ్యదు. ఇన్‌టేక్ వాల్వు పూర్తిగా మూసుకోకపోతే మంట కార్బురేటర్లోకి వస్తుంది, ఎగ్జాస్ట్ వాల్వు అయితే అంచు కాలిపోతుంది. ఇంజను పూర్తిగా చల్లారాక, కంప్రెషన్ స్ట్రోకులో పిస్టన్ పైకి వచ్చి ఇంజనుతో పాటు తిరిగే మాగ్నెట్ చక్రం మీది ‘T’ గుర్తు కలిసినప్పుడు ఫీలర్ గేజ్‌తో కొలవండి. చిన్న ఇంజన్లకి మామూలుగా 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్ల మధ్య చెప్తారు, మీ బండికి ఎంతో మాన్యువల్‌లో చూసి అదే పెట్టండి. టీ గుర్తు ఎగ్జాస్ట్ స్ట్రోకు చివర కూడా కలుస్తుంది. వాల్వుల్ని నొక్కే రెండు రాకర్లూ చేతికి కొంచెం ఆడుతుంటేనే సరైన చోటున్నట్టు.

స్పార్క్ వైపు మీ బండి పాయింట్లదైతే (తెరుచుకుని స్పార్క్ పుట్టించే కాంటాక్టులు) వాటి గ్యాప్ సాధారణంగా 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు. పాయింట్లు తెరుచుకునేటప్పుడు పెద్ద నిప్పురవ్వలు రాలుతూ, ఒక ముఖం మీద గుంట, ఇంకోదాని మీద దిమ్మె కట్టి ఉంటే కండెన్సర్ పోయింది. పాయింట్లు రుద్ది వదిలేస్తే మళ్లీ అదే వస్తుంది. పాయింట్లు లేని ఎలక్ట్రానిక్ స్పార్క్ (సీడీఐ) బండైతే ప్లగ్గు క్యాపు, తీగ ముందు అనుమానించండి. చీకట్లో స్టార్ట్ చేసి తీగ వెంట నీలి మెరుపులు కనిపిస్తున్నాయా చూడండి, చేత్తో మాత్రం పట్టుకోకండి. చల్లగా బాగుండి, వేడెక్కాక మిస్సింగ్ మొదలై, చల్లారితే మళ్లీ బాగుపడేది ఎక్కువగా కాయిల్ పనే. కిక్కు కొడితే కాలిని వెనక్కి తన్నుతోందంటే టైమింగ్ జరిగింది, మాగ్నెట్‌ని జరగకుండా పట్టే కింది చిన్న తాళపు ముక్క (కీ) తెగిందేమో చూడాలి.

ప్లగ్గు రంగు గురించి ఒక్క మాట. ఐడిలింగ్‌లో ఆపి తీసిన ప్లగ్గు ఐడిలింగ్ సంగతే చెప్తుంది, దాన్ని చూసి మెయిన్ జెట్ నిర్ణయించడానికి లేదు. పాత జెట్ వేసి, పైన చెప్పినవి పూర్తయ్యాక కొత్త ప్లగ్గు పెట్టి ఖాళీ రోడ్డు మీద ఒకే యాక్సిలరేటర్ గుర్తు దగ్గర కాసేపు నడపండి. అలాగే పట్టుకుని క్లచ్ నొక్కి, అదే క్షణంలో ఇంజను ఆపి, పక్కకి తీసి ప్లగ్గు విప్పి చూడండి. పింగాణీ మీద లేత గోధుమ రంగుంటే బాగుంది. ఫుల్ యాక్సిలరేటర్లో కూడా సుద్దలా తెల్లగా వస్తే వెంటనే నడపడం ఆపండి, ఆ వేడికి పిస్టన్ పోతుంది. ఐడిలింగ్‌లో కాస్త తెల్లగా ఉండటం అంత ప్రమాదం కాదు.

చేసే వరస కూడా చెప్పేస్తాను, ఎందుకంటే అన్నీ ఒకేసారి విప్పితే ఏది పనిచేసిందో తెలియదు. పాత జెట్, పాత ఫిల్టర్ డబ్బా, ట్యాంకులో కొత్త పెట్రోలు. ఆ మీదట నీళ్లతో లీకు చూడటం, ఇన్‌టేక్ రబ్బరు, బెండు ప్యాకింగు, ట్యాపెట్లు. ఇవన్నీ తేలాకే పైలట్ దారులు. ఒక్కోటి చేశాక బండి నడిపి, టేపు గుర్తుల దగ్గర చోక్ లాగి చూసుకుని ఒక కాగితం మీద రాసుకోండి. చోక్ అసలు లాగకుండానే వేడి ఇంజను ఐడిలింగ్‌లో నిలబడిందంటే పైలట్ వైపు పని ముగిసింది. అప్పటికీ యాక్సిలరేటర్ వదిలితే టపటపలు మిగిలితే ఇక చూడాల్సినవి ఎగ్జాస్ట్ జాయింటు, ఆ చిన్న డయాఫ్రమ్, ఎగ్జాస్ట్‌కి గాలి పంపే గొట్టం ఉంటే దాని వాల్వు. మళ్లీ బండిని ఎక్కువ రోజులు పక్కన పెట్టాల్సి వస్తే పెట్రోల్ ట్యాప్ మూసి గిన్నె డ్రెయిన్ స్క్రూ విప్పి ఖాళీ చేసెయ్యండి.